చిత్తూరు, తిరుపతి నేలల్లో దుక్కి

విత్తనం వేసే ముందు నేలను గుల్లబరచి, కలుపును చంపి, వాన నీరు లోపలికి దిగేలా సిద్ధం చేసే పని దుక్కి. దక్షిణ రాయలసీమలో దీన్నే సేద్యం అని కూడా అంటారు. ‘రెండు సేద్యాలు అయినాయి’ అంటే చేను రెండుసార్లు దున్నారని. ఇక్కడ నాగలి పేరు మడక. తడి పొలం కయ్య, మెట్ట పొలం చేను, గట్టు గెనిమ. 2022 ఏప్రిల్ 4న ఉమ్మడి చిత్తూరు జిల్లాను విభజించి తిరుపతి జిల్లాను ఏర్పరిచారు. మదనపల్లె వైపు మండలాలు అన్నమయ్య జిల్లాలోకి వెళ్లాయి. నేలకు, వానకు ఆ గీతలతో పని లేదు కాబట్టి ఈ వ్యాసం పాత ఉమ్మడి జిల్లా మొత్తాన్నీ ఒకటిగానే చూస్తుంది.

‘దుక్కి కొద్దీ పంట’ అని సామెత. చిత్తూరు ఎర్ర నేలల్లో అది సగమే నిజం. ఇక్కడ దుక్కి చేసే మేలు మూడు నాలుగు పెద్ద వానలు కురిసేదాకా ఉంటుంది. చేసే కీడు మాత్రం ఏళ్ల తరబడి పోగుపడుతుంది. ఈ రెండింటి లెక్క ఎటు తేలుతుందన్నది ఎన్నిసార్లు దున్నారన్నదాని కన్నా, ఏ పదునులో (మట్టిలో ఎంత తేమ ఉండగా) దున్నారు, దున్నాక నేల మీద ఏం మిగిలింది అన్నవాటి మీద ఎక్కువగా ఆధారపడుతుంది.

నేల తీరు

జిల్లా నేలల్లో పదింట తొమ్మిది వంతులు ఎర్రవే. గ్రానైటు, నైసు రాళ్లు అరిగి ఏర్పడిన ఎర్ర గరప, ఎర్ర ఇసుక నేలలు. నల్లరేగడి అక్కడక్కడా, చెరువుల కింద, వాగుల పక్కన కనిపిస్తుంది. రేగడికీ ఎర్ర నేలకీ దుక్కి విషయంలో అసలు తేడా బంకమన్ను స్వభావంలో ఉంది. రేగడి తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే నెర్రెలు విచ్చుతుంది. పైమట్టి ఆ నెర్రెల్లోకి రాలి, లోపలి మట్టి పైకి పొంగి, మడక పెట్టకుండానే ఎంతో కొంత తిరగబడుతుంది. ఎర్ర నేలలోని బంకమన్ను ఎక్కువగా కేవొలినైటు జాతిది. అది పెద్దగా ఉబ్బదు, నెర్రెలివ్వదు. ఒకసారి బిగుసుకుంటే తనంతట తాను వదులు కాదు. వేరో, వానపామో, చెదపురుగో, మడకో దాన్ని విడదీయాలి.

ఇంకో ఇబ్బంది పెచ్చు కట్టడం. బట్ట నేల మీద గట్టి వాన కురిస్తే చినుకుల దెబ్బకు పైమట్టి చితికి, సన్నని రేణువులు సందులన్నీ పూడ్చేస్తాయి. రెండు రోజులు ఎండ కాసేసరికి పైన పెంకులాంటి పొర తేలుతుంది. చెనక్కాయ (వేరుశనగ) మొలక దాన్ని ఎలాగో చీల్చుకుని వస్తుంది గానీ సజ్జ, రాగి లాంటి చిన్న గింజల మొలకలు చాలాసార్లు అడుగునే మెలిక తిరిగి చస్తాయి. తర్వాతి వాన నీరు ఆ పెంకు మీదుగా జారిపోతుంది. ఈ నేలల్లో సేంద్రియ కర్బనం సాధారణంగా అర శాతం లోపే, అంటే భూసార పరీక్షల లెక్కలో ‘తక్కువ’ తరగతి. రేణువులను పట్టి ఉంచే జిగురు అదే కాబట్టి, అది తక్కువైన చోట పెచ్చు తొందరగా కడుతుంది.

అదును, పదును

జిల్లాకు ఏడాదికి సుమారు 900 మిల్లీమీటర్ల వాన. మిగతా రాయలసీమతో పోలిస్తే ఇది మంచి వానే. రెండు ఋతుపవనాలూ పలకరిస్తాయి. పడమటి మెట్ట మండలాలు నైరుతిని నమ్ముకుంటే, శ్రీకాళహస్తి, సత్యవేడు వైపు తూర్పు మండలాలకు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వచ్చే ఈశాన్య వానలే పెద్ద ఆసరా. ఎకరం నేల మీద ఒక్క మిల్లీమీటరు వాన పడితే నాలుగు వేల లీటర్లు. పాతిక మిల్లీమీటర్ల మంచి వాన లక్ష లీటర్లు తెచ్చి పోస్తుంది. అందులో ఎన్ని లీటర్లు లోపలికి దిగుతాయన్నదే మెట్ట రైతు లెక్క. ఏప్రిల్, మే నెలల్లో పడే తొలి జల్లులకే వేసవి దుక్కి చేసుకోమని చెప్పడానికి మొదటి కారణం ఇదే. గరుకుగా, గడ్డలు గడ్డలుగా వదిలిన చేను తర్వాతి వానను కదలనీయకుండా పట్టుకుంటుంది. రెండో కారణం పురుగు. చెనక్కాయను తినే ఎర్ర గొంగళి పురుగు కోశ దశను మట్టిలో, ఎక్కువగా గెనిమల వెంబడి, చెట్ల నీడన గడుపుతుంది. మడక ఆ కోశాలను పైకి తీస్తే ఎండకు కొన్ని మాడతాయి. మిగిలినవాటి సంగతి మడక వెనకే నడిచే కొంగలు, గోరింకలు చూసుకుంటాయి.

పదును అన్న మాటకు సమానమైనది ఏ యంత్రం మీదా రాసి ఉండదు. బెత్తెడు లోతు నుంచి గుప్పెడు మట్టి తీసి, ముద్ద చేసి, నడుము ఎత్తు నుంచి వదలాలి. పొడిపొడిగా విడిపోతే పదును. ముద్ద ముద్దగానే పడితే ఇంకా తడి ఎక్కువ. అసలు ముద్దే కట్టకపోతే పదును దాటిపోయింది. తడి ఎక్కువున్నప్పుడు దున్నితే కర్రు అడుగున మట్టిని అలికినట్టు నునుపు చేస్తుంది, ఎద్దు కాలు, టైరు నేలను అదిమేస్తాయి. లేచిన గడ్డ ఎండితే రాయి. ఆరిపోయాక దున్నితే మట్టి పిండై, మొదటి వానకే పెచ్చు కడుతుంది. ఎర్ర ఇసుక నేలల్లో వాన తర్వాత ఈ పదును ఉండేది రెండు మూడు రోజులే. జ్యేష్ఠ పౌర్ణమి నాడు ఏరువాక సాగినా, అసలు ముహూర్తం మట్టి చేతిలో ఉంటుంది.

దున్నినప్పుడు లోపల జరిగేది

ఆరోగ్యంగా ఉన్న మట్టి పొడిగా ఉండదు, గుళికలుగా ఉంటుంది. ఇసుక, ఒండ్రు, బంక రేణువులను వేళ్ల నుంచి ఊరే జిగురు, శిలీంధ్రాల దారాలు, కుళ్లిన ఆకు అలము పట్టి ఉంచితే ఆ గుళికలు ఏర్పడతాయి. వాటి నడుమ పెద్ద సందుల్లోంచి నీరు దిగుతుంది, గాలి ఆడుతుంది. గుళిక లోపలి సన్న సందుల్లో తేమ దాగుతుంది. దుక్కి పెద్ద సందులను ఒక్కపూటలో పెంచుతుంది. అందుకే కొత్తగా దున్నిన చేలో నడిస్తే కాలు దిగబడుతుంది, నీరు గటగటా ఇంకుతుంది. కానీ ఈ సందులకు గోడలు లేవు. వేళ్లు, వానపాములు తొలిచిన దారులకు జిగురు పూత ఉంటుంది. మడక తెరిచిన సందుకు అది ఉండదు, వానకు కూలిపోతుంది.

గుళిక పగిలినప్పుడు దాని లోపల దాగున్న సేంద్రియ పదార్థం సూక్ష్మజీవులకు అందుతుంది. కొత్తగా వచ్చిన గాలితో అవి దాన్ని చకచకా తినేస్తాయి. కర్బనం బొగ్గుపులుసు వాయువుగా పోతుంది, నత్రజని విడుదలవుతుంది. దున్నిన చేలో పైరు ముదురాకుపచ్చగా లేవడానికి సగం కారణం ఈ నత్రజనే. అది వడ్డీ కాదు, అసలులోంచి తీసిన సొమ్ము. చలిదేశాల్లో ఈ ఖర్చు నెమ్మదిగా జరుగుతుంది. ఏడాదిలో ఎక్కువ రోజులు ఎండ మండే తిరుపతిలాంటి చోట వేగంగా జరుగుతుంది. పశువుల ఎరువు ఎకరాకు నాలుగైదు టన్నులు తోలే ఇళ్లలో ఆ లోటు పూడేది. ఎరువు మానేసి దుక్కి మాత్రం మానకపోవడమే ఈ ప్రాంతపు కొత్త రోగం.

వేళ్లతో కలిసి బతికే మైకోరైజా శిలీంధ్రాల దారాలు ప్రతి దుక్కికీ తెగిపోతాయి. దూరాన ఉన్న భాస్వరాన్ని వేరుకు అందించేవి అవే. ఒకటి రెండు దుక్కులకు అవి మళ్లీ అల్లుకుంటాయి, ఏడాదికి ఐదారు సార్లు కదిపితే అల్లుకోలేవు. వానపాముల కథా అంతే.

మడక నుంచి రొటావేటరు దాకా

కొయ్య మడక మట్టిని తిరగేయదు, చీలుస్తుంది. నాలుగైదు అంగుళాల లోతున, పైన వెడల్పుగా అడుగున సన్నగా సాలు తీస్తుంది. సాలుకీ సాలుకీ మధ్య కదలని మట్టి కొంత మిగిలిపోతుంది. దాన్ని కదపడానికే అడ్డంగా రెండోసారి దున్నే ఇరువాలు. నేల కోణంలో చూస్తే ఆ మిగులు లోపమేమీ కాదు. గడ్డి దుబ్బులు, వేళ్లు, పురుగులకు అక్కడ చోటు దొరికేది. తర్వాత గుంటక తోలి గడ్డలు నలిపి, గొర్రుతో విత్తేవారు. తేలిక నేలల్లో చిన్న ఎద్దులు కూడా ఈ పనికి సరిపోయేవి. ఇప్పుడు ముద్దుగా ఇళ్లల్లో పెంచుకుంటున్న పుంగనూరు జాతి పొట్టి ఎద్దులు ఒకప్పుడు ఈ తేలిక దుక్కులు చేసినవే.

ఇనుప రెక్క నాగలి మట్టిని ఎత్తి తిరగేస్తుంది. ట్రాక్టరు కల్టివేటరు తిరగేయకుండా చీలుస్తుంది. రొటావేటరు గిర్రున తిరిగే కత్తులతో పై నాలుగైదు అంగుళాలను ఒక్క తిరుగుడులోనే పిండి చేస్తుంది. ఆ మెత్తటి దుక్కి కంటికి అందంగా ఉంటుంది. రైతు డబ్బు, సమయం రెండూ మిగులుతాయి. అయితే ఎర్ర నేలలో పిండి అంటే పెచ్చుకు తయారీ సరుకు. పైగా తుంగ, గరిక ఉన్న చేలో రొటావేటరు వేస్తే గడ్డలు, కాడలు ముక్కలై, ఒక్కో ముక్కా ఒక మొక్క అవుతుంది. కలుపు తీయబోయి కలుపు నాటినట్టు.

కత్తులు ఏటా ఒకే లోతున తిరగడం, రెండు టన్నుల ట్రాక్టరు పైన నడవడం వల్ల దుక్కి అడుగున బెత్తెడు మందాన గట్టి పొర తయారవుతుంది. నీరు దాని మీద ఆగుతుంది, వేరు దాన్ని తాకి పక్కకు తిరుగుతుంది. పైన వాన పడ్డట్టే ఉంటుంది, వారం ఎండకే చెనక్కాయ చెట్టు తలవాలుస్తుంది. ఆ పొరను పగలగొట్టడానికి ఉలి నాగలి వాడతారు. అది మట్టిని తిరగేయకుండా అడుగు, అడుగున్నర లోతున చీలుస్తుంది. నేల పొడిగా ఉన్నప్పుడు తోలితేనే పొర పగులుతుంది. తడిలో తోలితే చాకు వెన్నలో దిగినట్టు దిగి వస్తుంది, పని జరగదు. చీల్చిన ఏడాదే లోతు వేళ్ల పైరు వేయకపోతే రెండు మూడేళ్లలో మళ్లీ మూసుకుపోతుంది.

ట్రాక్టరు బరువు గురించి చాలామంది రాశారు. దాని వంతు గురించి తక్కువ. సొంత కాడి ఉన్నప్పుడు రైతు పదును చూసి మడక కట్టేవాడు. ఇప్పుడు ఊరికి నాలుగైదు ట్రాక్టర్లు, వాన పడితే అందరికీ ఒకేసారి కావాలి. గంట బాడుగకు మాట్లాడుకున్న బండి మూడో రోజు వచ్చేసరికి పదును దాటిపోతుంది. లేదా ముందు వంతు దొరికిందని అడుసులోనే దున్నించుకోవాల్సి వస్తుంది. నేలకు జరిగే నష్టంలో పెద్ద వాటా యంత్రానిది కాదు, ఈ వరసదే. జిల్లాలో పాడి ఆవులు పెరిగాయి. కాడి ఎద్దులే కనపడవు.

పంటను బట్టి

చెనక్కాయ ఈ మెట్టకు ప్రాణం. దాని సాగులో దుక్కి అనివార్యం, ఎందుకంటే పూత నేల పైన, కాయ నేల లోపల. పూత రాలాక ఊడలు కిందికి దిగి మట్టిలోకి గుచ్చుకుంటేనే కాయ. పైమట్టి గట్టిదైతే ఊడ దిగదు. దిగినా పీకేటప్పుడు కాయలు తెగి మట్టిలోనే ఉండిపోతాయి. అందుకే వ్యవసాయ విశ్వవిద్యాలయపు తిరుపతి పరిశోధన స్థానం ధరణి, నారాయణి లాంటి రకాలతో పాటు వదులైన విత్తన పడక కూడా ఉండాలంటుంది. పూత దశలో ఎకరాకు 200 కిలోల జిప్సం వేసి మొదళ్లకు మట్టి ఎగదోస్తారు. ఊడలు దిగడం మొదలయ్యాక, సుమారు 45 రోజులు దాటాక, గుంటక తోలకూడదు. దున్నకుండా సాగు అన్న మాట వరి, మొక్కజొన్న రైతుకు చెప్పినంత తేలిగ్గా చెనక్కాయ రైతుకు చెప్పలేకపోవడానికి కారణం ఈ ఊడే.

చెనక్కాయలో లెక్కకు రాని మరో దుక్కి ఉంది. అది కాయ పీకడం. చెట్టును వేళ్లతో సహా పెరికినప్పుడు చేనంతా కదిలిపోతుంది, కట్టె మొత్తం పశువుల మేతకు ఇంటికి చేరుతుంది. ఇది జరిగేది అక్టోబరు, నవంబరుల్లో. సరిగ్గా అప్పుడే ఈశాన్య వానలు, వాయుగుండాలు. 2021 నవంబరులో తిరుపతిని ముంచిన వానలాంటి దానికి అప్పుడే కదిలిన బట్ట నేల ఎదురు నిలవలేదు. ఎకరంలో ఒక మిల్లీమీటరు మందం మట్టి కొట్టుకుపోతే ఆరు టన్నులు, అంటే రెండు ట్రాక్టర్ల మట్టి. అంత మట్టి రాతి నుంచి పుట్టడానికి దశాబ్దాలు కావాలి. చెనక్కాయలో సాళ్లుగా కంది వేసిన పాత పద్ధతి ఇక్కడే ఆదుకునేది. చెనక్కాయ పోయినా కంది సంక్రాంతి దాకా చేలో నిలబడేది. పదును చూసి ఉలవ చల్లినా అంతే.

వరి కయ్యల దారి పూర్తిగా వేరు. అక్కడ అడుసు దున్నడం అంటే గుళికలను కావాలని చితకగొట్టి, నీరు దిగకుండా అడుగున గట్టి పొర కట్టించడం. మెట్టలో రోగమైనది కయ్యలో వైద్యం. చిక్కు వరి తర్వాత చెనక్కాయ వేసే తూర్పు మండలాల్లో వస్తుంది. ఆరిన అడుసు పెద్ద పెద్ద గడ్డలుగా లేస్తుంది, వాటిని నలపడానికి నాలుగైదు దుక్కులు పడతాయి. పాతకాలంలో అడుసులో వెంపలి, కానుగ ఆకు తొక్కేవారు. ఇప్పుడు జనుము, జీలుగ వేసి పూతకు ముందు కలియదున్నుతారు. ఈ పచ్చిరొట్ట దుక్కి నేల నుంచి తీసుకునే దానికన్నా ఇచ్చేదే ఎక్కువ.

మదనపల్లె టమోటాకు మెత్తటి దుక్కి, ఎత్తు మడులు, డ్రిప్పు, మీద ప్లాస్టిక్ షీటు. షీటు పెచ్చును ఆపుతుంది గానీ మట్టికి తిండి పెట్టదు, పంటయ్యాక దాని చింపిరి ముక్కలు మడక్కి చుట్టుకుంటాయి. మామిడి తోటల్లో కోత అయ్యాక వానలకు ఒకసారి, వానలు వెనకబట్టాక మరోసారి దున్నడం అలవాటు. చెట్టుకు తిండి అందించే సన్న వేళ్లు పైపొరలోనే, కొమ్మల అంచు కింద ఎక్కువగా ఉంటాయి కాబట్టి అక్కడ లోతుగా దున్నడం మంచిది కాదు. చిత్తూరు బెల్లానికి మూలమైన చెరకులో మాత్రం, ఎవరూ ఆ పేరు పెట్టకపోయినా, దున్నని సాగు ఎప్పటినుంచో ఉంది. మొక్క తోట నరికాక అదే మోళ్ల నుంచి పెంచే కార్శి తోట అదే. చెత్త తగలబెట్టకుండా సాళ్ల మధ్య పరిస్తే దానికి తోడు కప్పు కూడా దొరుకుతుంది.

దున్నకుండా సాగు, ఎర్ర నేల పరీక్ష

అమెరికాలో 1930ల ధూళి తుపానుల తర్వాత, 1943లో ఎడ్వర్డ్ ఫాక్నర్ అనే ఆయన రెక్క నాగలినే తప్పుబడుతూ పుస్తకం రాస్తే పెద్ద దుమారం లేచింది. జపానులో మసనోబు ఫుకువోకా దున్నని వరిని తన పొలంలోనే చూపించాడు. తెలుగు నేలకు ఇది కొత్తేం కాదు. కృష్ణా, గోదావరి డెల్టాల్లో వరి కోతకు రెండు మూడు రోజుల ముందు నిలబడ్డ పైరులోనే మినుములు చల్లడం పాత అలవాటు. గుంటూరు వైపు వరి మోళ్ల మధ్య దున్నకుండా మొక్కజొన్న గింజ గుచ్చుతున్నారు, అయితే అక్కడ మడక పని కలుపు మందు చేస్తోంది.

అవన్నీ తడి మిగిలిన బరువు నేలలు. మెట్ట ఎర్ర నేలలో మడక మాన్పించి ఊరుకుంటే ఏమవుతుందో పటాన్‌చెరులోని ఇక్రిశాట్ 1980ల చివర మొదలుపెట్టిన ప్రయోగాల్లో తేలింది. దున్నిన మళ్లలో నీరు ఇంకడం మొదట్లో పెరిగి, కొన్ని వానలకే ఆ లాభం కరిగిపోయింది. దున్నకుండా బట్టగా వదిలిన మళ్లలో పెచ్చు కట్టి నీరు పారిపోయింది. గడ్డి పరిచిన మళ్లలో పారుడు బాగా తగ్గింది. తేడా తెచ్చింది మడక కాదు, గడ్డి.

చిత్తూరులో ఆ గడ్డి ఎక్కడి నుంచి రావాలి? చెనక్కాయ కట్టె, రాగి గడ్డి, సజ్జ చొప్ప అన్నీ ఆవు తినేవే, పాల డబ్బు మీద నడిచే ఇల్లు వాటిని నేలకు పరచదు. ఆంధ్రప్రదేశ్ ప్రజా భాగస్వామ్య ప్రకృతి వ్యవసాయ కార్యక్రమం దీనికి చెప్పే జవాబు, గడ్డి తేకుండా అక్కడే పెంచమని. రైతు సాధికార సంస్థ ద్వారా నడిచే ఈ కార్యక్రమంలో వేసవిలోనే, ఋతుపవనాలకు ముందు, పదిహేను ఇరవై రకాల నవధాన్యాలను మట్టి, ఘన జీవామృతంతో గుళికలు కట్టి పొడి నేలలో చల్లుతారు. తొలి జల్లులకు అవి మొలిచి నేలను కప్పుతాయి. కొంత మేతకు కోసుకుని, మిగిలింది మొదళ్లతో మట్టిలో కలుపుతారు. 2024లో పోర్చుగల్‌కు చెందిన గుల్బెంకియన్ మానవాళి పురస్కారం ఈ కార్యక్రమానికి, నేలల శాస్త్రజ్ఞుడు రతన్ లాల్‌కు, ఈజిప్టుకు చెందిన సెకెం సంస్థకు కలిపి దక్కింది. రతన్ లాల్ పేరు మోగింది నైజీరియాలో దున్నని సాగు మీద చేసిన ప్రయోగాలతోనే. అయినా చెనక్కాయ ముందు ఒక తేలిక దుక్కి ఈ ప్రకృతి వ్యవసాయ పద్ధతిలోనూ తప్పదు. ‘తక్కువ దుక్కి’ అన్న మాటే ఇక్కడ నిజాయితీ గల మాట.

మట్టి కోత, చెరువు మట్టి

వాలు వెంట దున్నిన సాలు వాన నీటికి కాలువ; వాలుకు అడ్డంగా దున్నితే అదే చిన్న గెనిమ. చెనక్కాయ చేలో ప్రతి మూడున్నర మీటర్లకు విత్తనం వేయని ఒక లోతు సాలు, గొడ్డు సాలు, వదలమని వ్యవసాయ శాస్త్రజ్ఞులు చెబుతారు. చిన్న కమతాల్లో దీనికి అడ్డం పొలం ఆకారమే. సన్నగా వాలు పొడుగునా సాగిన చేలో ట్రాక్టరు అడ్డంగా తిరగాలంటే మలుపులకే డీజిల్ సరిపోతుంది, డ్రైవరు ఒప్పుకోడు.

పోయిన మట్టి ఎక్కడికి పోయిందంటే చెరువులోకి. జిల్లాలో సుమారు ఎనిమిది వేల చెరువులు ఉన్నాయి. వేసవిలో వాటి ఒండ్రు తవ్వి చేలకు తోలుకోవడం పాత పద్ధతి. ఇసుక పాలు ఎక్కువైన ఎర్ర నేలకు అది బంకనూ, కర్బనాన్నీ తిరిగిచ్చి తేమ పట్టే శక్తి పెంచుతుంది. తోలిన ఏడాది ఒండ్రును నేలలో కలపడానికి మంచి దుక్కి కావాలి. కుప్పలుగా వదిలేస్తే గడ్డలు కట్టి పనికిరాకుండా పోతుంది.

కొలత

2015 ఫిబ్రవరిలో మొదలైన సాయిల్ హెల్త్ కార్డులో 12 అంశాలు ఉంటాయి: ఉదజని సూచిక, లవణాలు, సేంద్రియ కర్బనం, నత్రజని, భాస్వరం, పొటాష్, గంధకం, ఐదు సూక్ష్మ పోషకాలు. దుక్కి ముందుగా దెబ్బతీసేవి మాత్రం ఇందులో లేవు. నేల ఎంత బిగిసింది, నీరు ఎంత వేగంగా దిగుతోంది, గుళికలు నీటిలో నిలుస్తున్నాయా అన్న గడులు ఆ కాగితం మీద కనపడవు. కర్బనం ఒక్కటే వాటికి దగ్గరి సూచిక.

మిగతావి చేలోనే చూసుకోవచ్చు. చేలోంచి ఎండిన మట్టిబెడ్డ ఒకటి, ఎప్పుడూ దున్నని గెనిమ నుంచి ఒకటి తీసి, రెండు గాజు గ్లాసుల నీళ్లలో వేయాలి. గుళికలు పోయిన బెడ్డ నిమిషాల్లో కరిగి అడుగున బురదవుతుంది. గెనిమ బెడ్డ చాలాసేపు అలాగే ఉంటుంది. వాన కురిసిన రెండో రోజున ఒక ఇనుప ఊచ తీసుకుని చేలో నాలుగు చోట్ల అరచేత్తో అదిమితే, గట్టి పొర తగిలిన చోట అది ఆగుతుంది. ఊచ మీద అక్కడ సుద్దతో గీత పెట్టుకుని, అదే బలంతో గెనిమ పక్క కానుగ చెట్టు కింద అదిమి చూసి, రెండు గీతల మధ్య దూరాన్ని బెత్తలతో కొలుచుకోవచ్చు.